ట్రామ్ పట్టాల వెంట: లక్సెంబర్గ్ నుంచి వియన్నా

సోమవారం, లక్సెంబర్గ్

లక్సెంబర్గ్‌లో బస్సుకీ ట్రామ్‌కీ రైలుకీ టికెట్ లేదు. 2020 ఫిబ్రవరి 29 నుంచి దేశమంతటా ఇదే పద్ధతి. రైల్లో ఫస్ట్ క్లాస్ కావాలంటే మాత్రం డబ్బు కట్టాలి. మిగతాదంతా ఉచితమే. ఆ దేశపు పౌరుడివా, పని మీద వచ్చావా, ఊరు చూడ్డానికి వచ్చావా అని అడిగేవాళ్లు లేరు. ట్రామ్‌ని 2025 మార్చిలో విమానాశ్రయం దాకా పొడిగించారు. బయటికి రాగానే కనిపించింది, ఎక్కి కూర్చున్నాను. మిషన్ ముందు నిలబడి బటన్లు వెతుక్కునే పని తప్పింది.

ఈ ట్రామ్‌లో ఒక తమాషా ఉంది. ఊరి నడిబొడ్డుకి వచ్చేసరికి పైనున్న కరెంటు తీగలు మాయమవుతాయి. పాత కట్టడాల మధ్య తీగలు అడ్డంగా కనబడకూడదని అక్కడ వేయలేదు. మరి బండి ఎలా నడుస్తుంది? స్టాప్‌లో ఆగినప్పుడు పట్టాల మధ్య నేలలో అమర్చిన ఏర్పాటు నుంచి కరెంటు పట్టుకుంటుంది. జనం ఎక్కి దిగే ఆ కాసేపట్లోనే తర్వాతి స్టాప్ దాకా సరిపడా నింపుకుని బయలుదేరుతుంది. మూడు నాలుగు స్టాపుల్లో దిగి మరీ చూశాను. చప్పుడు లేదు, మెరుపు లేదు. చూస్తున్నది నేనొక్కణ్నే.

ఊరు గుట్ట మీద ఉంటే రైలు పట్టాలు కింద లోయలో ఉన్నాయి. అందుకని ఎర్ర వంతెన దగ్గర కొండవాలు మీదుగా కేబుల్‌తో లాగే బండి ఒకటి పెట్టారు. లోయలో రైలు దిగి, ఈ బండెక్కి పైకొస్తే ట్రామ్ స్టాప్ ఎదురుగానే ఉంటుంది. ట్రామ్, ఈ బండి రెండూ 2017 డిసెంబరులోనే మొదలయ్యాయి. దానికి ముందు 1964 నుంచి ఈ ఊళ్లో ట్రామ్ అన్నదే లేదు.

ఇంత ఉండీ, సాయంత్రం రోడ్లన్నీ కార్లే. యూరప్‌లో మనిషికిన్ని కార్లు అని లెక్క తీస్తే లక్సెంబర్గ్ ముందు వరసలో ఉంటుంది. ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్ వెళ్లే రైల్లో పక్క సీట్లో ఒక తెలుగు కుర్రాడు తగిలాడు. ఇక్కడ బ్యాంకులో పని, ఉండేది మాత్రం సరిహద్దు అవతల ఫ్రాన్స్‌లోని థియాన్‌విల్‌లో. లక్సెంబర్గ్‌లో అద్దెలు భరించలేక అలా ఉండేవాళ్లు బోలెడంత మంది. ఫ్రాన్స్, జర్మనీ, బెల్జియం నుంచి రోజూ పనికొచ్చి పోయేవాళ్లు 2 లక్షలకు పైనే. దేశ జనాభాయేమో 7 లక్షలకు లోపు.

"ఉచితం అంటే సరిహద్దు దాకానే అన్నా. అవతల ముక్కకి నేను పాసు కొనుక్కోవాల్సిందే" అన్నాడు.

"అయినా కారు కన్నా చవకే కదా?"

"చవకే. కానీ నిలబడి వెళ్లాలి. ఒక బండి తప్పిందంటే ఇంటికెళ్లేసరికి పిల్ల నిద్రపోతుంది. మా టీమ్‌లో సగం మంది ట్రాఫిక్‌ని తిట్టుకుంటూ కార్లోనే వస్తారు."

ప్రభుత్వం లెక్క కూడా ఇదే చెబుతుంది. టికెట్లు ఎత్తేయక ముందు వాటి మీద ఏటా వచ్చేది సుమారు 4 కోట్ల యూరోలు. రవాణా నడపడానికి అయ్యే ఖర్చు 50 కోట్ల పైమాట. అంటే జనం జేబులోంచి వచ్చేది అప్పటికే పదో వంతు కూడా కాదు. వదులుకున్నది చిన్న మొత్తం, కొట్టుకొచ్చిన పేరు పెద్దది. తప్పు పట్టట్లేదు. కానీ ఆ కుర్రాడి ఇబ్బందికి టికెట్ ధరతో సంబంధం లేదు. అతనికి కావాల్సింది ఇంకో రైలు.

మంగళవారం, స్ట్రాస్‌బర్గ్

పొద్దున్నే ఓమ్ ద ఫేర్ స్టాప్‌కి వెళ్లి కూర్చున్నాను. ఊరి ట్రామ్ లైన్లు చాలావరకు కలిసే కూడలి ఇది. పైన పెద్ద గాజు చక్రంలా గుండ్రటి కప్పు ఉంటుంది. ఒక ట్రామ్ వెళ్లేలోపే అడ్డంగా ఇంకోటి వస్తుంది. మధ్యలోంచి జనం, సైకిళ్లు, పిల్లల బండ్లు. డ్రైవరు గంట ఒకసారి కొడతాడు, జనం తాపీగా తప్పుకుంటారు. ట్రామ్ కిటికీలు మోకాలి దాకా దిగి ఉంటాయి కాబట్టి లోపల కూర్చున్నవాళ్లూ వీధిలో నడిచేవాళ్లూ ఇంచుమించు ఒకే ఎత్తులో ఎదురుపడతారు.

ఇక్కడా పాత ట్రామ్‌లని 1960లో పీకేశారు. ఆ తర్వాత ఊరి మధ్యలో ఉన్న ప్లాస్ క్లేబేర్ అనే చౌక్ మీదుగానే కార్లు ఈ చివర నుంచి ఆ చివరకి పోయేవి. 1980లలో పెద్ద గొడవ నడిచింది: నేల కింద మెట్రో వేయాలా, నేల మీద ట్రామ్ వేయాలా? కొట్ల వాళ్లలో చాలామంది మెట్రోకే ఓటు. ఎందుకంటే మెట్రో కింద నుంచి పోతుంది, పైన కార్లు, పార్కింగు ఎప్పటిలాగే ఉంటాయి. ఎవరికీ ఏదీ వదులుకోనక్కర్లేదు. 1989 మునిసిపల్ ఎన్నికల్లో కాథరీన్ ట్రౌట్‌మాన్ ట్రామ్ వేస్తానని చెప్పి నిలబడి గెలిచారు. 1994 నవంబరులో మొదటి లైను నడిచింది. అప్పటికే ప్లాస్ క్లేబేర్‌లోంచి కార్లని బయటికి పంపేశారు.

నాకు ఈ కథలో నచ్చేది ఎన్నికల లెక్కే. మెట్రోకి డబ్బు కావాలి, ట్రామ్‌కి ధైర్యం కావాలి. రోడ్డు మీద ఒక వరస ట్రామ్‌కి ఇచ్చామంటే అది ఇంకొకరి దగ్గర నుంచి తీసుకున్నదే. అది బాహాటంగా చెప్పి ఓటు అడిగిన వాళ్లు ఎంతమంది? అదే కొట్ల ముందు ఈ రోజు జనం భుజాలు రాసుకుంటూ నడుస్తున్నారు. ఆ రోజుల్లో వద్దన్నవాళ్లలో ఇప్పుడు ఎవరైనా ఉన్నారేమోనని ఒకటి రెండు చోట్ల అడిగాను గానీ, అందరూ కుర్రవాళ్లే. కార్లు తిరిగిన ప్లాస్ క్లేబేర్‌ని వాళ్లు ఎరగరు.

2021 సెప్టెంబరు నుంచి ఇక్కడ 18 ఏళ్ల లోపు వాళ్లకి బస్సు, ట్రామ్ ఉచితం. బడి వదిలే వేళకి బండ్లలో గోల చూస్తే ఆ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు.

బుధవారం, రైన్ దాటి ఫ్రైబుర్గ్

దేశం మారడానికి ఈసారి సిటీ ట్రామ్ చాలింది. స్ట్రాస్‌బర్గ్ డి లైను 2017 ఏప్రిల్ నుంచి రైన్ నది దాటి జర్మనీలోని కేల్ దాకా వెళ్తోంది. కొత్తగా కట్టిన వంతెన మీద ట్రామ్, సైకిళ్లు, మనుషులు మాత్రమే. కార్లకి వేరే వంతెన ఉంది.

వంతెన మధ్య నుంచి చూస్తే కింద బరువు పడవలు కదులుతున్నాయి. 2018లోనూ, మళ్లీ 2022లోనూ కరువుకి రైన్ బాగా ఎండిపోయింది. ఇక్కడికి ఇంకా ఉత్తరాన కౌబ్ అనే చోట నది లోతు తక్కువ, నీటిమట్టం అక్కడే కొలుస్తారు. ఆ ఏళ్లలో పడవలు సగానికి సగం సరుకు దించుకుంటే గానీ ఆ చోటు దాటలేకపోయాయి. లారీ కన్నా పడవ నయం అని చెప్పుకునే దేశాలకి నదే చెయ్యిచ్చింది. వాతావరణం మారితే దెబ్బ ముందు తగిలేది, దాన్ని కాపాడతాయనుకున్న వాటికే కావచ్చు. ఈ యాత్రలో ఆ సంగతి మళ్లీ మళ్లీ ఎదురైంది.

కేల్ నుంచి ఓఫెన్‌బుర్గ్, అక్కడ మారి ఫ్రైబుర్గ్. ఈ ఊళ్లో రైల్వే ప్లాట్‌ఫామ్‌ల మీదుగా పోయే వంతెన పైన ట్రామ్ స్టాప్ ఉంది. 1983లో కట్టారు. రైలు దిగి మెట్లెక్కితే చాలు, ట్రామ్. స్టేషన్ బయటికి రావాల్సిన పనే లేదు. పెట్టె మోసుకుని తిరిగేవాడికి ఇంతకన్నా మర్యాద ఇంకేముంటుంది!

మధ్యాహ్నం వోబాన్ చూడ్డానికి వెళ్లాను. ఒకప్పుడు ఫ్రెంచి సైన్యం బారకాసులు ఉన్న స్థలం. సైన్యం వెళ్లిపోయాక 1990ల నుంచి ఇక్కడ ఒక పేట కట్టారు. నడిరోడ్డు మీద ట్రామ్ పట్టాల మధ్య గడ్డి. 2006లో వచ్చింది ఈ ట్రామ్. నాలుగైదు అంతస్తుల ఇళ్లు, బారకాసుల నాటి పెద్ద చెట్లు అలాగే ఉంచారు. ఇంటి ముందు కారు నిలపడానికి చోటు ఉండదు. కారు ఉన్నవాళ్లు పేట అంచున ఉన్న బహుళ అంతస్తుల పార్కింగులో స్థలం కొనుక్కోవాలి. అది వేల యూరోల వ్యవహారం. కారు లేనివాళ్లు లేదని రాసిచ్చి ఆ ఖర్చు తప్పించుకుంటారు. పక్క సందుల్లో పిల్లలు రోడ్డంతా సుద్దముక్కలతో బొమ్మలు గీసి ఉన్నారు. సామాను దింపడానికి వచ్చిన వ్యాను ఒకటి ఆ బొమ్మల ముందు ఆగి, పిల్లలు లేచేదాకా కదల్లేదు.

ఇక్కడ కిటుకు చాలా సాదాది. కారు వద్దని ఎవరూ అనలేదు. ట్రామ్ స్టాప్ కన్నా కారే దూరంగా ఉండేలా చూశారు, అంతే. కాకపోతే వోబాన్ ఇప్పుడు బాగా ఖరీదైన పేట. మంచిగా కట్టిన చోటికి డబ్బున్నవాళ్లు చేరడం ఎక్కడైనా జరిగేదే. ఇలాంటి పేటలు ఇంకో పది కట్టి ఉంటే ఆ ధర ఉండేది కాదేమో.

గురువారం, జ్యూరిక్

జర్మనీ నుంచి స్విట్జర్లాండ్‌కి బాసెల్‌లో దేశం మారుతుంది, రైళ్ల మీద అభిప్రాయమూ మారుతుంది. జర్మనీ దూరప్రాంతపు రైళ్లలో 2024లో సమయానికి వచ్చినవి 62.5 శాతం. 6 నిమిషాల లోపు ఆలస్యాన్ని వాళ్లు ఆలస్యం కిందే లెక్కెయ్యరు, అయినా అంతే. స్విట్జర్లాండ్‌లో 3 నిమిషాల లోపు గీత పెట్టుకుని కూడా 93 శాతం. మరీ ఆలస్యంగా వచ్చిన జర్మన్ రైలుని స్విస్ వాళ్లు బాసెల్‌లోనే ఆపేసి, ముందుకి తమ రైలు పంపుతారు. ఒకడి ఆలస్యం దేశమంతా అంటుకోకుండా.

అంత పట్టుదల ఎందుకో తెలియాలంటే వాళ్ల టైమ్‌టేబుల్ చూడాలి. 1982 నుంచి దేశంలో రైళ్లన్నీ ప్రతి గంటా అవే నిమిషాలకి నడుస్తాయి. పెద్ద స్టేషన్లకి నలువైపుల నుంచీ రైళ్లు గంట కొట్టే ముందు చేరి, కొట్టాక బయలుదేరతాయి. ఆ మధ్య కొద్ది నిమిషాల్లో ఎవరు దేన్నుంచి దేనిలోకైనా మారొచ్చు. జ్యూరిక్ నుంచి బెర్న్‌కి గంటకు పైగా పట్టేది. అలా అయితే ఈ అల్లిక కుదరదు. అందుకని కొత్త లైను వేసి 2004 డిసెంబరులో దాన్ని 56 నిమిషాలకి తెచ్చారు. 45కి తేవాలని వాళ్లు తాపత్రయపడలేదు, ఎందుకంటే ఆ మిగిలిన నిమిషాలు ప్లాట్‌ఫామ్ మీద ఎదురుచూపులకే పోతాయి. వేగం కోసం వేగం అనే మోజు లేకపోవడం చూస్తే నాకు ముచ్చటేసింది.

జ్యూరిక్ ప్రధాన స్టేషన్‌లో గడియారం కింద నిలబడి సెకన్ల ముల్లునే చూశాను. ఎర్రటి ముల్లు, చివర గుండ్రటి బిళ్ల. అది చుట్టు మొత్తం నిమిషం కన్నా కాస్త ముందే పూర్తిచేసి 12 దగ్గర ఆగుతుంది. సంకేతం అందాక నిమిషాల ముల్లు ఒక్క గెంతు గెంతుతుంది, అప్పుడు ఎర్ర ముల్లు మళ్లీ బయలుదేరుతుంది. దేశంలోని స్టేషన్ గడియారాలన్నీ ఒకే క్షణంలో గెంతడానికి ఈ ఏర్పాటు. హాన్స్ హిల్ఫికర్ అనే ఇంజనీరు 1944లో ఈ గడియారం రూపొందించారు, ఎర్ర ముల్లు 1950లలో చేరింది.

ఇక ఊళ్లో ట్రామ్‌ల కథ స్ట్రాస్‌బర్గ్‌కి అన్నలాంటిది. ట్రామ్‌ని నేల కిందికి పంపుదామని 1962లో, మెట్రో కడదామని 1973లో ప్రజల ముందుకి ప్రతిపాదనలొచ్చాయి. రెండింటినీ ఓటేసి కొట్టేశారు. తర్వాత 1977లో ఉన్న ట్రామ్‌లూ బస్సులూ ఆగకుండా పోయేలా చేయడానికి 20 కోట్ల ఫ్రాంకులు ఖర్చు పెట్టమని ఓటేశారు. ఆ డబ్బు ఎక్కడికి పోయిందో ఏ సిగ్నల్ దగ్గరైనా కనిపిస్తుంది. ట్రామ్ వస్తోందని రోడ్డులో అమర్చిన సెన్సర్లు ముందే చెబుతాయి, అది కూడలికి వచ్చేసరికి దారి తెరిచి ఉంటుంది. కార్లు ఆగుతాయి. ఊరి లోపల కిక్కిరిసిపోకుండా, లోపలికొచ్చే కార్లని శివార్ల సిగ్నళ్ల దగ్గరే కొంచెం కొంచెంగా వదులుతారు. ఊళ్లో సగానికి పైగా ఇళ్లలో కారు లేదు.

మరి ఇది చవకా? అస్సలు కాదు. దేశమంతా తిరిగే ఏడాది పాసు దాదాపు 4 వేల ఫ్రాంకులు. లక్సెంబర్గ్‌లో ఉత్తినే ఇచ్చినా ఎక్కనివాళ్లు ఉన్నారు, ఇక్కడ ఇంత పోసీ ఎక్కుతున్నారు. ఉచితమా కాదా అనే వాదన వినీ వినీ విసుగెత్తిన నాకు ఈ రెండు ఊళ్లూ వారం తిరక్కుండా చూడటం మంచిదైంది. బండి వస్తుందో రాదో అనే టెన్షన్ లేకపోతే జనం డబ్బు కడతారు. అది తీరని చోట డబ్బు మాఫీ చేసినా కదలరు. బీదవాళ్లకి ధర పెద్ద విషయమే, కాదనను. కానీ బండే రాని చోట ఉచిత టికెట్ బీదవాడికి మాత్రం ఎందుకు?

స్విస్ రైళ్లు నడిచేది ఎక్కువగా జలవిద్యుత్తు మీద. 2022, 2023 రెండేళ్లలోనే ఇక్కడి హిమానీనదాలు తమ మంచులో 10 శాతం పోగొట్టుకున్నాయి. ప్రస్తుతానికి కరిగిన నీళ్లు టర్బైన్లలోకే వస్తాయి. ముందు ముందు ఎండాకాలం నీళ్లకి ఏం చేయాలన్నది వాళ్ల ఇంజనీర్ల తలనొప్పి.

రాత్రికి వియన్నా వెళ్లే స్లీపర్ రైలెక్కాను. జర్మన్ రైల్వే 2016 చివర్లో తన నైట్ రైళ్లు మానుకుంటే, ఆస్ట్రియా రైల్వే వాటిలో కొన్ని తీసుకుని నైట్‌జెట్ పేరుతో నడుపుతోంది. ఇలాంటి రైళ్ల పని అయిపోయిందని అందరూ అనుకుంటున్న రోజుల్లో చేసిన పని అది. ఇప్పుడు బెర్త్ దొరకాలంటే నెలల ముందే చూసుకోవాలి.

శుక్రవారం, వియన్నా

తెల్లవారాక సాంక్ట్ పోల్టెన్ దాటి తుల్న్ మైదానంలోకి వచ్చాం. గంటకి 200 కిలోమీటర్ల పైన పోయేలా 2012లో తెరిచిన లైను ఇది. 2024 సెప్టెంబరు వానలకి ఈ మైదానం మొత్తం చెరువైంది. సొరంగంలోకీ స్టేషన్‌లోకీ బురదనీళ్లు చేరాయి. డిసెంబరు సగం దాకా రైళ్లని పాత దారిలో తిప్పారు. బయట పొలాలు చూస్తే ఆ జాడే లేదు.

అదే వానలకి వియన్నా ఊళ్లో వీన్ నది పొంగింది. నగర ఉద్యానం పక్కన వంతెన మీద నిలబడి చూస్తే నమ్మబుద్ధి కాలేదు. రాతి గోడల మధ్య పెద్ద కాలవ, అడుగున పాదం మునిగేంత నీళ్లు. దాన్ని ఆనుకునే యు4 మెట్రో పోతుంది. 1890లలో ఓటో వాగ్నర్ రూపకల్పన చేసిన నగర రైలు మార్గమే తర్వాత ఈ మెట్రోగా మారింది. 2024 వానల రోజుల్లో నదిలో నీళ్లు గోడల అంచుకి రావడంతో యు4లో కొంత భాగం మూసేశారు. ఊరి పడమటి అంచున ఆవ్‌హోఫ్‌లో వరద నీళ్లు ఆపే చెరువులున్నాయి. అవి లేకపోతే ఇంకెంత జరిగేదో. మెట్రో వేస్తే సరిపోదు, దాన్ని నీళ్ల నుంచి కాపాడే ఖర్చూ ఇకమీద రవాణా పద్దులోకే వస్తుంది.

వియన్నా అనగానే అందరూ చెప్పేది 365 యూరోల ఏడాది పాసు. రోజుకి 1 యూరో. 2012 నుంచి 2025 చివరి దాకా అదే ధర, 2026 జనవరి నుంచి పెంచారు. కొన్నేళ్లకే ఊళ్లోని కార్ల కన్నా పాసుల సంఖ్య ఎక్కువైన మాట నిజమే. ఊళ్లో ప్రయాణాల్లో కార్ల వాటా 1993లో 40 శాతం, ఇప్పుడు పాతిక చుట్టూ. కాకపోతే ఆ తగ్గుదలలో ఎక్కువ భాగం పాసు చవక కాకముందే వచ్చేసింది! ఆ ఏళ్లలో జరిగింది మెట్రో లైన్లు పొడిగించడం, ఒక్కో పేటలో పార్కింగుకి డబ్బు వసూలు చేయడం. 1993లో ఊరి నడిమధ్య మొదలైన పార్కింగు రుసుము 2022 మార్చికల్లా ఇంచుమించు ఊరంతా పాకింది. ఉద్యోగులున్న సంస్థలు చాలావరకు మనిషికి వారానికి 2 యూరోల చొప్పున మెట్రో పన్ను కడతాయి. పేపర్లకి ఎక్కింది పాసు. పని చేసినవి ఇవి.

శనివారం, ఆస్పెర్న్ జేష్టాట్

యు2 చివరి స్టేషన్. పాత విమానాల మైదానంలో కొత్త ఊరు. మధ్యలో తవ్విన సరస్సు, చుట్టూ ఇళ్లు. మెట్రో ఇక్కడికి 2013 అక్టోబరులో వచ్చింది, మొదటి నివాసులు వచ్చింది 2014లో. అంటే మనుషులు లేని పొలాల్లోకి ఏడాది పాటు రైలు తిరిగింది. డబ్బు తగలేస్తున్నారని నవ్వినవాళ్లు నవ్వారు. కానీ కొత్త ఇంట్లో దిగిన రోజునే మెట్రో ఉంటే కారు కొనాలన్న ఆలోచన వాయిదా పడుతుంది. కారు కొన్నాక వచ్చే మెట్రోకి ఆ బలం ఉండదు.

తొలి ఏళ్లలో కట్టిన మైదానాల్లో కాంక్రీటు ఎక్కువైందని విమర్శలొచ్చాయి. ఎండలో నడిస్తే అవి న్యాయమే అనిపించాయి. తర్వాత కట్టిన వైపు చెట్లు దగ్గరదగ్గరగా ఉన్నాయి.

ఈ పేట పేరు మీదే పెద్ద రోడ్డు గొడవ కూడా. డాన్యూబ్ ఒడ్డున లోబావ్ అనే తడినేలల అడవి జాతీయ పార్కులో భాగం. దాని కింద నుంచి మోటారు రోడ్డు సొరంగం తవ్వాలన్నది పాత పథకం. 2021లో కుర్రకారు ఇక్కడ నిరసన శిబిరాలు వేశారు. ఆ డిసెంబరులో పర్యావరణ మంత్రి లియొనోరె గెవెస్లర్ సొరంగం రద్దు చేశారు. ప్రభుత్వం మారాక 2025లో దాన్ని మళ్లీ పైకి తీశారు. రోజుకో యూరో పాసుతో పేరు తెచ్చుకున్న నగర పాలకులే సొరంగం కావాలని పట్టుబట్టడం బయటివాళ్లకి వింతగా ఉంటుంది.

సరస్సు గట్టు మీద ఒకావిడతో మాట కలిసింది. నర్సు. సొరంగం గురించి మీరేమంటారని అడిగితే ఫోన్ తీసి దారి చూపించింది. ఊరి మధ్యకి వెళ్లాలంటే మెట్రో ఉంది, అరగంటలోపు. ఆవిడ పనిచేసేది మాత్రం పక్క శివారులో. అటు నేరుగా ఏదీ లేదు. రెండు బస్సులు మారాలి, పొద్దున డ్యూటీ అయితే మొదటి బస్సు కూడా అందదు. లైన్లన్నీ ఊరి నడిమధ్యకే పోతాయి, మనుషులు మాత్రం శివారు నుంచి శివారుకి తిరుగుతారు. లక్సెంబర్గ్ కుర్రాడిదీ కాస్త అటూ ఇటూగా ఇదే గోడు.

"సొరంగం నాకూ అక్కర్లేదు. వద్దనేవాళ్లు ఆ పక్కకి తెల్లవారుజామున 5 గంటలకి ఒక బస్సు వేయించమనండి, నేనూ వాళ్ల టెంట్‌లో కూర్చుంటా" అంది. ఈలోగా ఆవిడ కారు పేట అంచున పార్కింగు భవనంలో ఉంది, డ్యూటీ ఉన్న రోజుల్లో తీస్తుంది.